దారిలో విప్పిన జడ

ఆ వేసవికి కారాబెల్ కొండ పచ్చికల మీద పసిపిల్లల బడి పెడతామని జిల్లా ఆఫీసు వాళ్ళు చెప్పినప్పుడు, పైకి వెళ్ళడానికి ఒక్క టీచరూ ముందుకు రాలేదు. ఎందుకొస్తారు చెప్పండి? జూన్ నెలలో కూడా పొద్దున్నే బకెట్లో నీళ్ళు గడ్డ కట్టుకుపోయే చోటది. ఫోన్ మోగాలంటే ఎదురుగా ఉన్న కొండెక్కాలి. గొర్రెలూ గుర్రాలూ, వాటి వెనక పరుగులు తీసే జనం తప్ప పలకరించే దిక్కుండదు. అలాంటి చోటికి జిపార్ మాత్రం "నేను వెళ్తాను" అని చెయ్యెత్తేసింది. ఎంత మంచి పిల్లో అని ఆఫీసులో అందరూ తెగ మెచ్చుకున్నారు. మంచితనమూ లేదు, పాడూ లేదు. ఆ పచ్చికల మీద ఆమె కూతురుంది.

కూతురంటే కన్నకూతురే. ఐదేళ్ళ సెజిమ్. కాకపోతే ఆ సంగతి సెజిమ్‌కి తెలియదు.

ఇందులో దాపరికమూ దొంగతనమూ ఏమీ లేవు. మా వైపు మొదటి బిడ్డని తాత, నాయనమ్మ ఒళ్ళో వేసుకుని తమ బిడ్డగా పెంచుకోవడం ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ బిడ్డ నాయనమ్మని అమ్మా అంటుంది, తాతని నాన్నా అంటుంది, కన్నతల్లిని అక్కా అని పిలుస్తుంది. పెద్దయ్యాక ఎప్పుడో దానంతటదే తెలుస్తుంది, ఎవరూ గుండెలు బాదుకోరు. జిపార్ పందొమ్మిదేళ్ళకి బూరుల్ ఇంటి కోడలైంది. ఏడాది తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. నలభై రోజుల వేడుక కాగానే బూరుల్ ఉయ్యాలని తన పక్క దగ్గరికి జరుపుకుంది. "నీకింకా బోలెడు వయసుంది, నలుగుర్ని కంటావు. ఇది నాది" అంది. ప్రేమగానే అంది. జిపార్ తల వంచుకుని సరేనంది. అత్తగారు అడిగితే కాదన్న కోడలు ఆ ఊళ్ళో ఎక్కడుంది గనక?

తర్వాత కనడమూ లేదు, పెంచడమూ లేదు. మొగుడు కూలిపనికని రష్యా వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. అప్పటికి సెజిమ్ తొలి అడుగులు వేస్తోంది. కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపి పేనిన దారం కట్టి, పిల్లలు పందెం పరుగెత్తి వచ్చి కత్తిరించే ఆ వేడుకకి ఊరంతా వచ్చింది. బూరుల్ పిల్లని చంకల కింద పట్టుకుని నిలబెట్టింది. జిపార్ నూనె బాణలి ముందు కూర్చుని బోర్సోక్ పిండి ముక్కలు వేయిస్తూ, వచ్చేవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి చూసింది. ఆ నెలలోనే పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. పిల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికేముంది? పిల్ల బూరుల్‌ది కదా!

ఆ తర్వాతే జిపార్ టీచరు చదువు చదువుకుంది. పచ్చికల బళ్ళకి వెళ్ళే టీచర్లకి ఊల్‌కాన్ అనే పెద్దావిడ జిల్లా కేంద్రంలో శిక్షణ ఇచ్చేది. ముప్పై ఏళ్ళు పిల్లల ముక్కులు తుడిచిన మనిషి, మాట కటువు. బొమ్మలూ పాటలూ మట్టి ఆటలూ నేర్పడం ఒక ఎత్తు, చివరి పూట ఆవిడ చెప్పే మాటలు ఒక ఎత్తు.

"వినండే అమ్మాయిలూ. ఏ ఇంటి గుట్టు మీకు తెలిసినా అది మీ కడుపులోనే ఉండాలి. పిల్లకి అబద్ధం చెప్పకండి, చెప్పలేనిది ఉంటే ఊరుకోండి. మీ దిగులు తీర్చుకోవడానికి పిల్లని ఒళ్ళోకి తీసుకోకండి, దాని దిగులు తీరడానికి తీసుకోండి. ఇంకొకటి. మీ సొంత పిల్లలుగానీ దగ్గరి చుట్టాలుగానీ మీ గుంపులో ఉంటే ఇప్పుడే చెప్పండి, ఇంకో చోటికి మారుస్తాను. ఉన్నారా ఎవరికైనా?"

పక్కనున్న పిల్ల ఎవరో తన తమ్ముడున్నాడని చెప్పి వేరే పచ్చికకి మార్పించుకుంది. జిపార్ నేల చూపులు చూస్తూ కూర్చుంది. చెబితే ఆ వేసవి చేజారిపోతుంది. ఒక్క వేసవి, అంతే. పిల్ల నవ్వుతుంటే చూడాలి, ఏం తింటుందో చూడాలి, అంతకు మించి ఏమీ అడగను అని తనకి తనే చెప్పుకుంది.

పొద్దున్నే మంచు కరగకముందే పిల్లలు గుర్రాల మీద వచ్చేవాళ్ళు. పాలు పితికే తల్లులకి తీరికుండదు కాబట్టి తాతలో అన్నలో తీసుకొచ్చి బడి పెట్టిన ఉన్ని గుడారం, మేం యుర్త్ అంటాం, దాని ముందు మూటల్లా దించేసి పోయేవాళ్ళు. సెజిమ్ ఒరోజ్ ముసలాయన ముందు కూర్చుని వచ్చేది. ఒరోజ్ ఒకప్పటి మామగారు. జిపార్‌ని చూసి టోపీ సర్దుకుని, "బాగున్నావామ్మా" అని, జవాబు కోసం ఆగకుండానే గుర్రం తిప్పేసేవాడు. పాపం, ఆయనకి ఆమె మొహం చూడాలంటే సిగ్గు.

ఆడపిల్లలు చాలామంది జుట్టు విరబోసుకునే వచ్చేవాళ్ళు. చేతులు కడిగించాక, పాలు కాగే లోపు, జిపార్ గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని ఒక్కొక్కరికీ జడలు వేసేది. పిల్లలకి ఆ వేళంటే ప్రాణం. ఒకళ్ళ వెనక ఒకళ్ళు వరసగా కూర్చునేవాళ్ళు, జడ వేయించుకుంటూ ఇంట్లో కబుర్లన్నీ ఒలకబోసేవాళ్ళు. ఎవరి నాన్న గుర్రం మీంచి పడ్డాడో, ఎవరి వదిన అలిగి పడుకుందో అన్నీ జిపార్‌కి తెలిసిపోయేవి. ఊల్‌కాన్ చెప్పినట్టే అన్నీ కడుపులో దాచుకునేది.

సెజిమ్ కూడా విరబోసుకునే వచ్చేది. మొదటి రోజు ఆ పిల్ల వరసలో వచ్చి ముందు కూర్చుని వీపు తిప్పింది. చిన్న మెడ, మెడ వెనక గోధుమరంగు పుట్టుమచ్చ. జిపార్ దువ్వెన ఎత్తింది, మళ్ళీ దించేసింది. ఆ మచ్చని పిల్ల పుట్టిన గంటలోనే చూసింది, ఆ ఇల్లు వదిలి వచ్చాక మళ్ళీ ఇప్పుడే. ఒక్కసారి ఆ జుట్టులో వేళ్ళు పెడితే అందరి ముందూ భోరుమని ఏడ్చేస్తుంది, లేదా పిల్లని గుండెకి హత్తుకుని వదలదు. రెండూ టీచరు చెయ్యవలసినవి కావు. "నువ్వు పెద్దదానివి కదా, నువ్వే కట్టుకోవాలి" అని రిబ్బన్ చేతిలో పెట్టి పంపేసింది. సెజిమ్ పక్కకి వెళ్ళి రిబ్బన్‌ని చెవి మీదికి వంకరగా కట్టుకుంది.

అక్కడ్నుంచి అదే అలవాటైపోయింది. పక్షపాతం చూపించకూడదని జిపార్ ఒట్టు పెట్టుకుంది కదా, ఆ ఒట్టుని ఎక్కడిదాకా లాక్కెళ్ళిందో చూడండి. పాలు పోస్తే సెజిమ్ గిన్నె చివర. కథ చెప్పేటప్పుడు ఒళ్ళో ఇద్దరు కూర్చుంటే ఆ ఇద్దరిలో సెజిమ్ ఉండదు. పాటలో చెయ్యి పట్టుకోవాల్సి వస్తే మధ్యలో ఇంకో పిల్లని నిలబెడుతుంది. తనెంత నిక్కచ్చిగా ఉంటోందో అనుకునేది, మహా తల్లి. పైగా పిల్ల రోజూ చింపిరి జుట్టుతో వస్తుంటే బూరుల్ మీద లోపల్లోపల మండిపోయేది. 'పెంచుకుంటానని ఉయ్యాలతో సహా లాక్కుంది. జడ వెయ్యడానికి కూడా తీరిక లేదు కాబోలు' అని పళ్ళు కొరుక్కునేది.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆ యుర్త్‌లో ఉండే నిశ్శబ్దం చెప్పతరం కాదు. పగలంతా పదిహేను మంది అరిచిన చోట పొయ్యి చిటపటలు తప్ప ఏమీ వినపడేది కాదు. జిపార్ చెల్లాచెదురుగా పడ్డ కొయ్య గుర్రాల్ని బుట్టలో వేసి, ఒక్కతే టీ పోసుకుని, రొట్టె తుంచుకుని కూర్చునేది. లోయకి అవతల బూరుల్ వాళ్ళ యుర్త్ కనపడేది. పైనుంచి పొగ లేస్తే, ఇప్పుడు పిల్లకి అన్నం పెడుతున్నారు అనుకునేది. కుక్క మొరిగితే, పిల్ల బయటికొచ్చిందేమో అని లేచి చూసేది. ఇంత దూరం వచ్చి, ఇంత దగ్గర ఉండి, పుట్టింట్లో ఉన్నప్పటికంటే ఒంటరిగా ఉంది. అప్పుడు పిల్ల దగ్గర లేదు కాబట్టి లేదు అనుకునేది. ఇప్పుడు ఎదురుగా ఉండీ లేదు.

ఒకరోజు వాన వెలిశాక పిల్లలు బడి పక్కన కట్టిన తాడు ఉయ్యాల ఎక్కారు. తాడు నానిపోయి ఉందేమో, పుటుక్కున తెగింది. సెజిమ్, తిలేక్ అనే కుర్రాడు ఇద్దరూ ఒకేసారి కింద పడ్డారు. తిలేక్‌కి మోచెయ్యి గీరుకుంది, వాడు కొండలు అదిరేలా ఏడుపు లంకించుకున్నాడు. సెజిమ్ ఏడవలేదు. మోకాలు చీరుకుని రక్తం కారుతుంటే నేల మీద కూర్చుని జిపార్ వైపే చూస్తోంది. జిపార్ కాళ్ళు సెజిమ్ వైపే పరుగెత్తాయి. రెండడుగులు వేసి ఆగింది. ఆగి, తిరిగి తిలేక్ దగ్గరికి వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. వాడికి కట్టు కట్టి, బుజ్జగించి, చక్కెర ముక్క చేతిలో పెట్టి, అప్పుడు సెజిమ్ దగ్గరికి వచ్చింది. పిల్ల అప్పటికే మోకాలి మీద రక్తాన్ని గౌను అంచుతో తుడిచేసుకుంది.

"నొప్పిగా ఉందా?" అంది జిపార్.

"లేదు టీచరక్కా" అంది సెజిమ్. కళ్ళలో నీళ్ళు లేవు, ఏమీ లేదు. పరాయి వాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు సెజిమ్ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో పొద్దున పిల్లలు పాలు తాగుతుంటే బూరుల్ ఎర్రగుర్రం మీద వచ్చింది.

అత్తగారిని చూడగానే జిపార్ రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగి దణ్ణం పెట్టింది. ఆ ఇంటి కోడలరికం పోయి ఎన్నాళ్ళో అయింది, నడుముకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"దిగండి అత్తయ్యా. టీ తాగి..."

"దిగను. దిగితే నీ రొట్టె ముక్క నోట్లో పెట్టుకోవాలి, పెట్టుకున్నాక నిన్ను తిట్టలేను. తిట్టడానికే వచ్చాను, గుర్రం మీంచే తిడతాను."

జిపార్ పిల్లలకి వినపడకుండా గుర్రం కళ్ళెం పట్టుకుని కాస్త దూరం నడిపించింది.

"పిల్ల ఏం చేసిందే నిన్ను?" అంది బూరుల్. "నా మీద కసి ఉంటే నన్నను. నీ మొగుడు చేసిన వెధవపనికి నా మొహాన ఉమ్మెయ్యి, తుడుచుకుని పోతాను. నోరు లేని పసిదాని మీద తీర్చుకుంటావా?"

"కసి ఏమిటత్తయ్యా? నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు, అదే కదా నా ఏడుపు! ఆడపిల్లలందరికీ జడలు వేస్తావంట, దానికి తప్ప. అందర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటావంట, దాన్ని తప్ప. మోకాలు చీరుకుంటే తుడిచే దిక్కు లేకుండా ఇంటికొచ్చింది. 'టీచరక్కకి నేనంటే ఇష్టం లేదమ్మా' అని గోడవైపు తిరిగి పడుకుంది."

ఇన్నాళ్ళూ దాచుకున్న ఉక్రోషం జిపార్ నోటికి వచ్చేసింది. "మీరు మాత్రం జడ వేసి పంపొచ్చు కదా అత్తయ్యా? రోజూ విరబోసుకునే వస్తుంది. ఒక్కరోజైనా తల దువ్వారా దానికి?"

బూరుల్ గొంతు తగ్గించి అంది.

"నేను వెయ్యకపోవడమేమిటే? దాని తల మీద ప్రతి వెంట్రుకా నా చేతుల్లో పెరిగింది. రోజూ చీకటితో లేచి, బిగించి, రెండు జడలు వేసి పంపిస్తున్నాను. మొదటి రోజు దారిలో వాటంతటవే ఊడిపోయాయి, ఆ మర్నాటి నుంచీ అదే విప్పేస్తోంది. గుర్రం మీద ముసలాయన ముందు కూర్చుని, వేళ్ళతో పాయ పాయా విప్పుకుంటోంది. ఎందుకే విప్పుతావు అని ఆయన అడిగితే ఏమందో తెలుసా? 'జుట్టు విరబోసుకున్న వాళ్ళకే టీచరక్క జడ వేస్తుంది నాన్నా. ఇవాళ నాకు వేస్తుంది' అందిట. ఇవాళ, ఇవాళ అనుకుంటూ రోజూ విప్పుకుంది. ఉయ్యాల తెగిన మర్నాడు నేను జడ వేసి గుర్రం ఎక్కించబోతే, వెళ్ళనంది. వేసిన జడ వేసినట్టే ఉంది."

ప్రతి పొద్దునా తను చూసిన ఆ చింపిరి జుట్టు, తను పళ్ళు కొరుక్కున్న ఆ జుట్టు, తన కోసం విప్పుకున్నదా! జిపార్ కళ్ళెం వదిలేసి మొహం రెండు చేతులతో కప్పుకుంది.

"కసి కాదత్తయ్యా, ఒట్టు. భయం."

"ఎవరంటే భయం? నేనంటేనా?"

"నేనంటే నాకే. ఒకసారి చెయ్యి వేస్తే మళ్ళీ వదల్లేనని."

గుర్రం తోక ఆడించుకుంటూ గడ్డి కొరుకుతోంది.

"నువ్వు ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ నాకూ నిద్ర లేదు" అంది బూరుల్. "ఎప్పుడు చెప్పేస్తావో, అది ఎప్పుడొచ్చి నువ్వు నా అమ్మవి కాదంట అని అంటుందో అని రోజూ చస్తున్నాను. చెప్పలేదు నువ్వు. అది నీ గొప్పతనమే, కాదనను. కానీ తల్లివని చెప్పలేవు, టీచరుగా ఉండలేవు. మధ్యలో పిల్ల ఏమైపోవాలే?"

బూరుల్ గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయింది. జిపార్ లోపలికి వచ్చి, చల్లారిపోయిన పాలు మళ్ళీ కాచి, పిల్లలకి పాట పాడించింది. ఏ పాటో తనకే తెలియదు.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోగానే ఫోన్ పట్టుకుని కొండెక్కింది. పైన గాలి మనిషిని తోసేస్తోంది. ఊల్‌కాన్ ఫోనెత్తగానే జిపార్ మొదట్నుంచీ అంతా చెప్పేసింది. ఉయ్యాల, పుట్టుమచ్చ, రిబ్బన్, జడ, ఏమీ దాచలేదు.

"ఇప్పుడా చెప్పడం?" అని గద్దించింది ఊల్‌కాన్. "ఆ రోజు అడిగాను కదా, నోట్లో ఏం పెట్టుకున్నావు? ఏడవకు. నువ్వేడిస్తే ఈ గాలిలో నాకొక్క ముక్కా వినపడదు."

"పక్షపాతం చూపించకూడదనే అలా..."

"పక్షపాతమంటే ఎక్కువ పెట్టడమొక్కటే అనుకున్నావా? తక్కువ పెట్టడం కూడా పక్షపాతమే. అందరికీ వేసిన జడ ఒక్కదానికి వెయ్యకపోతే, నీ కూతురని అందర్లోకీ వేరు చేసినట్టే కదా? నువ్వు నిజాయితీగా ఉన్నాననిపించుకోవడానికి పిల్లని మాడ్చావు."

"అవునక్కా."

"ఇప్పుడేం చేద్దామని?"

"ఇక్కడే ఉండాలని ఉంది."

"అది నాకు తెలియదా? నీకేం కావాలో నేనడగలేదు. పిల్లకేం కావాలో చెప్పు."

జిపార్ లోయలోకి చూసింది. బూరుల్ యుర్త్ ముందు ఎర్రగౌను ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. ఒంటరిగా ఆడుకుంటోంది, పక్కన ఎవరూ లేరు.

"ఒక టీచరు కావాలి. అందర్నీ ఎలా చూస్తే దాన్నీ అలా చూసే టీచరు."

"నువ్వు అలా చూడగలవా?"

గాలి హోరున వీచింది.

"చూడలేనక్కా" అంది జిపార్. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఆమె ప్రాణం పోయినంత పనైంది.

"సరే. వచ్చే పాల లారీలో పెరీజాత్‌ని పంపిస్తాను. నువ్వు అదే లారీలో దిగిపో, అవతలి కనుమ మీద ఇంకో బడి ఖాళీగా ఉంది. నీకు పని చేతనవును కాబట్టే అక్కడికి పంపిస్తున్నాను, నోరు మూసుకున్నందుకు మాత్రం వచ్చాక నీ సంగతి చూస్తాను. మరి ఈ లోపల?"

"జడ వేస్తాను."

"వెయ్యి. అందరికీ ఎలా వేస్తావో అలాగే. అంతకంటే బాగా వెయ్యకు."

జిపార్ కొండ దిగి నేరుగా బూరుల్ యుర్త్‌కి వెళ్ళింది. బూరుల్ గుమ్మంలో నిలబడి చూస్తోంది, అడ్డం రాలేదు. జిపార్ సెజిమ్ ముందు గొంతుక్కూర్చుంది.

"సెజిమ్, నీకు జడ వెయ్యలేదు కదా నేను? అది తప్పు. నాది తప్పు, నువ్వేం చెయ్యలేదు. నీ మోకాలు కూడా ముందే చూడాల్సింది."

సెజిమ్ అనుమానంగా చూసింది. పెద్దవాళ్ళు తప్పని ఒప్పుకోవడం ఆ పిల్ల ఎప్పుడూ విని ఉండదు.

"రేపు వేస్తావా?"

"వేస్తాను."

"మొదట నాకేనా?"

"నీ వంతు వచ్చినప్పుడు."

మర్నాడు సెజిమ్ గుర్రం దిగేసరికి జుట్టు పూర్తిగా విప్పేసి ఉంది. ఒరోజ్ ముసలాయన రెండు రిబ్బన్లు జేబులోంచి తీసి జిపార్ చేతికిచ్చాడు. దారిలో విప్పుకుంటుంటే ఆయనే పట్టుకున్నట్టున్నాడు. ఇవాళ గుర్రం తిప్పడానికి తొందరపడలేదు.

సెజిమ్ వరసలో ముందుకు తోసుకురాలేదు. అందరికంటే చివర కూర్చుంది. వంతు వచ్చాక వీపు తిప్పి, మెడ వంచి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. జిపార్ జుట్టు చేతిలోకి తీసుకుంది. మెత్తగా, కాస్త పొగ వాసనతో ఉంది. పాయ మీద పాయ వేసింది, మిగతా పిల్లలకి ఎంత బిగించిందో అంతే బిగించింది, రిబ్బన్ అంతే ముడి వేసింది. "అయిపోయింది, లే" అంది. సెజిమ్ లేచి, జడని ముందుకు వేసుకుని చూసుకుని, ఎగురుకుంటూ పోయింది. జిపార్ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి పొయ్యిలో వేసింది. దాచుకుందామని వేళ్ళు ఎంత లాగాయో ఆమెకే తెలుసు.

ఆ తర్వాత రోజూ అదే. రోజూ దారిలో విప్పుకోవడం, రోజూ చివర కూర్చోవడం. లారీ వచ్చే ముందు రోజు జడ సగంలో ఉండగా సెజిమ్ అడిగింది.

"టీచరక్కా, నీకు పిల్లల్లేరా?"

లేరంటే అబద్ధం. ఉన్నారంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. పిల్లలకి తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

"ఉంది. ఒక్క ఆడపిల్ల."

"ఎక్కడుంది?"

"వాళ్ళమ్మ దగ్గరుంది."

ఆ ఊళ్ళో సగం ఇళ్ళలో పిల్లలు అలాగే పెరుగుతారు కాబట్టి సెజిమ్‌కి అందులో వింతేమీ కనపడలేదు.

"వాళ్ళమ్మ మంచిదేనా?"

"చాలా మంచిది. దాని తల వెంట్రుకలన్నీ తన చేతుల్లో పెంచింది."

"అయితే పర్లేదు" అంది సెజిమ్.

పాల లారీ మర్నాడు పొద్దున్నే, జడల వేళ కాగానే వచ్చింది. పెరీజాత్ బుగ్గలు ఎర్రగా, జిపార్ కంటే చిన్న పిల్ల. దిగీ దిగగానే పిల్లల మధ్య చతికిలబడి కొయ్య గుర్రానికి తోక ఎందుకు లేదని తగువు పెట్టుకుంది. జిపార్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి ఒక్కొక్కరి సంగతీ చెప్పింది. తిలేక్ ఏడుపు పెద్దది, దెబ్బ చిన్నది, ఎత్తుకుంటే చాలు. ఆ చివర కవలలకి మీగడ పడదు. ఉయ్యాల తాడు కొత్తది కట్టించాను, వాన పడితే పిల్లల్ని ఎక్కనివ్వకు.

పంపించడానికని బూరుల్ కూడా వచ్చింది. ఈసారి గుర్రం దిగింది, జిపార్ ఇచ్చిన టీ తాగింది, రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకుంది. పెరుగు ఎండబెట్టి చేసిన కుర్త్ ఉండల మూట ఒకటి తెచ్చి జిపార్ చేతిలో పెట్టింది, తిరిగి ఇవ్వబోతే కళ్ళెర్రజేసింది.

"ఆ ఎర్రగౌను పిల్ల?" అని అడిగింది పెరీజాత్.

"దాని పేరు సెజిమ్. జడ చివర వెయ్యి దానికి. ముందు వేస్తే వెనక వాళ్ళు తోస్తారు, చివరయితే నింపాదిగా కూర్చుంటుంది. దెబ్బ తగిలితే ఏడవదు, కాబట్టి నువ్వే చూసుకోవాలి. నొప్పి లేదంటే నమ్మకు."

"ఎవరి పిల్ల?"

పక్కనే నిలబడ్డ బూరుల్ టీ గిన్నె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఈ బూరుల్ అమ్మగారి పిల్ల" అంది జిపార్.

బూరుల్ గిన్నె కింద పెట్టేసి గుర్రం దగ్గరికి వెళ్ళింది. బిగించే ఉన్న జీను పట్టీని మళ్ళీ బిగించసాగింది, చాలాసేపు అలా బిగిస్తూనే ఉంది. భుజాలు కదులుతున్నాయి.

జిపార్ పిల్లలందరి బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. సెజిమ్ బుగ్గ కూడా అంతే ముద్దు, ఒక్కటే. "అవతలి బడి పిల్లలకి కూడా జడలు వేస్తావా?" అని అడిగింది సెజిమ్. వేస్తానంది జిపార్. లారీ ఎక్కి, పాల డబ్బాల పక్కన, వెనక్కి తిరిగి కూర్చుంది. డ్రైవర్ ఏదో కబురు మొదలుపెట్టాడు, ఆమెకి వినపడలేదు.

లారీ మలుపు తిరగబోతుంటే చూసింది. పెరీజాత్ గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని, నిద్ర లేచి ఆలస్యంగా వచ్చిన పిల్ల ఎవరికో తల దువ్వుతోంది. ఆ పిల్ల వెనక సెజిమ్ వచ్చి కూర్చుంది. రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి, రిబ్బన్ లాగేసి, పొద్దున్న జిపార్ అల్లిన జడని పాయ పాయా విప్పుకుంటోంది.